తెర అడుగున మిగిలిన బొమ్మ

ఆల్డర్ ఫోర్క్‌లో సినిమా అంటే ఒకటే సినిమా. ‘ఏ సినిమా?’ అని ఎవరైనా అడిగారంటే వాళ్లు పై ఊరి నుంచి వచ్చారని అర్థం. అరవై రెండో సంవత్సరం వేసవిలో క్రేన్ అనే ఆయన ఒక డొక్కు వ్యానులో కెమెరా వేసుకుని, నలుగురు మనుషుల్ని వెంటేసుకుని కాలిఫోర్నియా నుంచి దిగాడు. రైలు ఆగడం మానేశాక మూతపడిపోయిన పెద్ద హోటలు చూసి, నడిరోడ్డు మీద మోకాళ్ల మీద కూలబడి ‘ఇదే, ఇదే’ అన్నాడట. హోటలు తాళంచెవి దాచుకున్న ముసలాయన పాపం ఆయనకి వడదెబ్బ తగిలిందనుకుని బకెట్టు నీళ్లు తెచ్చి నెత్తిన గుమ్మరించాడు. మొదటి రోజే అంత మర్యాద జరిగింది.

సినిమా పేరు ‘ఎవరూ దిగని మెట్లు’. నలుపు తెలుపు బొమ్మ. ఆ హోటల్లో ఒంటరిగా దిగిన ఒకామెకి పై అంతస్తులో ఎవరో నడుస్తున్నట్టు వినిపిస్తుంటుంది. ఎవరితో చెప్పుకున్నా పైన ఎవరూ లేరంటారు, నీకే బుర్ర బాగాలేదంటారు. విని విని ఆమెకీ అదే నిజమనిపిస్తుంది. చివరికి ఒక్కతే మెట్లెక్కి పైకి వెళ్లి, రెయిలింగు పట్టుకుని కిందికి చూస్తుంది. ఆ చూపు చూసిందంటే హాల్లో పాప్‌కార్న్ నమలడం కూడా ఆగిపోయేది. మరుక్షణం రెయిలింగు ఊడి, ఆమె పడిపోతుంది. అంతటితో అయిపోయింది. రక్తపు చుక్క లేదు, దెయ్యం లేదు. అయినా చూసినవాళ్లు చాలాకాలం ఇంట్లో మేడమెట్ల వైపు చూడకుండా తిరిగారు.

ఊరంతా అందులో ఉంది. హోటలు భోజనాల బల్ల చుట్టూ కూర్చున్న శవాలన్నీ మెథడిస్టు చర్చి ఆడవాళ్లే. రంగులు చాలక మొహాలకి రొట్టెల పిండి పూసుకున్నారు. కిటికీ పక్కనున్న శవం ఓపల్. పిండి ముక్కులోకి పోయి ఆవిడ తుమ్మితే, బల్ల మీదున్న కొవ్వొత్తులు ఆరిపోయి షాటంతా మళ్లీ తీయాల్సి వచ్చింది. "చచ్చిపోయాక కూడా జలుబు తగ్గలేదే నీకు" అని పక్క శవం అన్న మాట ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఓపల్‌కి ఆ సినిమాతో చుట్టరికం అంతటితో తీరలేదు. ఊరి సినిమా హాల్లో బొమ్మ ఆడించేది వాళ్ల నాన్నే. హోటల్లో పుచ్చిపోయిన మెట్లకి కొత్త చెక్క వేసి, పైన కొత్త రెయిలింగు కట్టింది ఆవిడ అన్న డెల్మర్. ఆ చుట్టుపక్కల ఊళ్లలో డెల్మర్ చేతి తలుపు ఎన్నేళ్లయినా కిర్రుమనదని పేరు. ఇక సినిమాలో హోటల్లో దిగిన ఆమెగా వేసింది మేవిస్. కాలిఫోర్నియా నుంచి తెచ్చిన నటి దోమలకి తట్టుకోలేక పారిపోతే, పోస్టాఫీసులో స్టాంపులమ్మే మేవిస్ పెద్ద కళ్లు చూసి క్రేన్ ఆమెని నిలబెట్టాడు. డెల్మర్‌కీ మేవిస్‌కీ అప్పటికే నిశ్చితార్థం అయిపోయింది. కోతలు కాగానే పెళ్లి.

ఆ పెళ్లి జరగలేదు. ఎందుకంటే సినిమా చివర్లో మేవిస్ పడటం నటన కాదు.

కెమెరా లోపలికి వెళ్లాలంటే రెయిలింగులో ఒక ముక్క ఊడి రావాలని క్రేన్ అడిగితే, డెల్మర్ ఆ ముక్కని వేరుగా చేసి, కింద నుంచి ఒకే ఒక్క చెక్క చీలతో బిగించాడు. చీల ఉంటే ఎద్దు ఆనుకున్నా కదలదు. లేకపోతే పిల్లి ఆనుకున్నా ఆగదు. ఆ రోజు మేవిస్ ఆనుకుంది, ముక్క ఊడింది, ఆమె కింది హాల్లో పడింది. తుంటి ఎముక విరిగింది. చీల సరిగ్గా దిగలేదని అందరూ అన్నారు. డెల్మర్ కూడా అదే అన్నాడు. ఆసుపత్రి నుంచి మేవిస్ ఉంగరం తిప్పి పంపించేసింది. క్రేన్ సినిమా పూర్తిచేసుకుని వెళ్లిపోయి, మళ్లీ ఏ సినిమా తీయకుండానే కొన్నాళ్లకి పోయాడు.

డెల్మర్ సుత్తి ముట్టుకోవడం మానేశాడు. పాతికేళ్లు బడి బస్సు నడిపాడు. సొంత ఇంటి వరండా మెట్లకి చేతిపట్టు లేదు. చలికాలంలో మంచు గడ్డకట్టి జారి పడేవాడు, అయినా కట్టుకోలేదు. "కొయ్య ముక్క పట్టుకుంటే చెయ్యి వణుకుతోందే చెల్లీ" అని ఒక్కసారి అన్నాడు. ఓపల్ మళ్లీ అడగలేదు. మేవిస్ చేతికర్ర పట్టుకుని పోస్టాఫీసుకి నడిచింది. ఆయన ఊరికి ఆ చివర, ఆమె ఈ చివర. ఎదురుపడితే ఆయన టోపీ తీసేవాడు, ఆమె తలూపేది. ఊరివాళ్లు అది చూడలేక దుకాణాల అద్దాల్లోకి చూసేవాళ్లు.

ఏటా అక్టోబరు ఆఖర్న, దెయ్యాల పండగ హాలోవీన్‌కి సినిమా ఆడేది. హాలు మూతపడ్డాక అదే మెషీనూ సరంజామా చర్చి నేలమాళిగకి చేర్చి, దుప్పటి కట్టి ఆడించారు. విశ్వవిద్యాలయం పిల్లలు కార్లేసుకుని వచ్చి ఆ చూపు గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు. ఆమె కింద దెయ్యాన్ని చూసిందని ఒకడు, తనని తానే చూసుకుందని ఒకడు. "మేవిస్ గారూ, మీరు నిజంగా ఏం చూశారు?" అని అడిగితే, "చూడమన్నారు బాబూ, చూశాను" అని ఆమె ఆపిల్ రసం తాగుతూ కూర్చునేది. డెల్మర్ ఒక్కసారీ రాలేదు. ఓపల్ మొగుడు వెండెల్ కూడా రాడు. ఆయనకి ఏటా అదే రోజు ఏదో ఒక ఆవు ఈనేది.

"నీ మందలో ఆవులన్నీ హాలోవీన్ చూసుకునే కడుపు తెచ్చుకుంటాయేంటయ్యా" అని ఓపల్ ఏటా ఎగతాళి చేసేది. ఆయన నవ్వి లాంతరు తీసుకుని పాకలోకి పోయేవాడు.

ఎనభై ఏడులో ఆ సినిమా వీడియో క్యాసెట్టుగా వచ్చింది. అంతకుముందు టీవీలో కూడా ఎప్పుడూ వేయలేదు. తూర్పున ఏదో కంపెనీ అట్ట మీద మేవిస్ మొహం అచ్చు వేసి దుకాణాలకి పంపింది. ఓపల్ కూతురు నదీన్ వీడియో దుకాణంలోనే పని చేస్తుంది కనుక, పెట్టె విప్పగానే ఒకటి చంకన పెట్టుకుని ఆదివారం చర్చి అయ్యాక అమ్మా నాన్నల దగ్గర భోజనానికి వచ్చేసింది. హ్యామ్, పాలలో వండిన బంగాళాదుంపలు, క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీ. వెండెల్ రెండోసారి వడ్డించుకుంటుండగా నదీన్ బయటపెట్టింది.

"నాన్నా, ఈసారి తప్పించుకోలేవు. జూన్ నెల. ఏ ఆవూ ఈనదు."

వెండెల్ గరిటె గిన్నెలో పెట్టేశాడు. "నాకు కంచె పని ఉంది."

"ఆదివారం కంచె పనేంటి? కూర్చో. మళ్లీ రేపటికల్లా ఇది వెనక్కి ఇచ్చెయ్యాలి. కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఏదో తప్పు జరిగిందట, ఉన్నవన్నీ తిరిగి పంపెయ్యమన్నారు. సరిచేసి కొత్తవి పంపుతారట."

"తప్పున్నది చూడటం దేనికి మరి? సరైంది వచ్చాకే చూద్దాం" అన్నాడు వెండెల్.

"తప్పున్నదే సరదా" అని నదీన్ కర్టెన్లు లాగేసింది.

బొమ్మ మొదలవగానే ఓపల్‌కి తప్పేంటో తెలిసిపోయింది. తెర మీద బొమ్మ పొడుగ్గా ఉంది. పైనుంచి ఒక మైకు గబ్బిలంలా వేలాడుతోంది.

"అదేంటమ్మా?" అని నదీన్ పగలబడి నవ్వింది.

"మైకే తల్లీ. హాల్లో అయితే కనబడదు. రీలు మీద బొమ్మ చదరంగా ఉంటుంది. హాల్లో వెడల్పు బొమ్మ కావాలి కదా, అందుకని బొమ్మ ఆడించే మెషీను నోటి దగ్గర సందున్న ఇనప పలక ఒకటి దూర్చేవాళ్లు. పైనా కిందా కప్పేస్తుందది. మీ తాతయ్య ఆ పలకని కట్టుడుపళ్ల కంటే జాగ్రత్తగా దాచుకునేవాడు. ఈ క్యాసెట్ల వాళ్లు పలక పెట్టడం మర్చిపోయి, రీలంతా ఎక్కించేశారు. మనం చూడకూడనివి కూడా చూపించేస్తున్నారు."

ఇక ఇద్దరికీ నవ్వే నవ్వు. హోటలు గుమ్మంలో హీరోయిన్ భయంతో నిలబడి ఉంటే కింద ఆమె కాళ్లకి పోస్టాఫీసు చెప్పులు. శవాల బల్ల కింద చర్చి ఆడవాళ్లు జోళ్లు విడిచేసి కాళ్లూపుకుంటున్నారు. "చూడు చూడు, ఓర్లీన్ అత్త సాక్సుకి చిల్లు!" అని ఓపల్ కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లలో ఏనాడూ ఆ సినిమాకి ఇంత నవ్వలేదు.

వెండెల్ మాత్రం నవ్వలేదు. కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాడు. "మెషీను వేడెక్కిపోతుంది, ఆపెయ్" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

చివరి ఘట్టం వచ్చింది. మేవిస్ మెట్లెక్కుతోంది. పైన నిలబడి రెండు చేతులా రెయిలింగు పట్టుకుంది. హాల్లో చూసిన బొమ్మ అక్కడితో తెగిపోతుంది, రెయిలింగు కింది అంచు ఎవరికీ కనబడేది కాదు. ఇప్పుడు కనబడుతోంది. దాని కింద చీకటి కూడా కనబడుతోంది. ఆ చీకట్లోంచి ఒక చెయ్యి పైకి వచ్చింది.

ఓపల్ నవ్వు ఆగిపోయింది.

గళ్ల చొక్కా చెయ్యి. గళ్ల మధ్య చిన్న చిన్న గోధుమ వెన్నులు. ఆ గుడ్డ ఓపల్‌కి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! కోళ్ల దాణా సంచి గుడ్డ అది. ఆ రోజుల్లో దాణా సంచులు పూల గుడ్డతో వచ్చేవి, ఆడవాళ్లు వాటితోనే గౌన్లూ చొక్కాలూ కుట్టుకునేవాళ్లు. ఆ సంచి గుడ్డతో ఓపల్ తన చేత్తో డెల్మర్‌కి చొక్కా కుట్టింది. భగవంతుడా, అన్నయ్యా! తనే కట్టి తనే...

తెర మీద ఆ చెయ్యి తడుముకుంటూ చీల దగ్గరకి వెళ్లింది. వేళ్లు చీల చుట్టూ మూసుకున్నాయి. చూపుడు వేలు సగమే ఉంది.

ఆ చెయ్యి చీల లాగేసింది. పైన మేవిస్ కిందికి చూసింది. ఆ చూపు. ఊరంతా పాతికేళ్లుగా చూస్తున్న చూపు. పడిపోయింది.

నదీన్ వేలు దానంతట అదే మీట నొక్కినట్టుంది, బొమ్మ వెనక్కి పోయి ఆగింది. గీతలు గీతలుగా వణుకుతూ ఆ చెయ్యి తెర మీద నిలబడిపోయింది.

"అమ్మా" అంది నదీన్. "అది నాన్న చెయ్యి."

ఓపల్‌కి అప్పటికే తెలుసు. కూతురి నోట విన్నాక ఇక తెలియనట్టు ఉండటానికి లేకుండా పోయింది. ఆ వేలు మొక్కజొన్న పొత్తులు కోసే మెషీనులో పోయింది, పెళ్లికి ముందే. ఆ సగం వేలు పట్టుకునే ఆవిడ చర్చిలో నడిచింది. మిగిలిన అదే గుడ్డతో వెండెల్‌కీ చొక్కా కుట్టింది, అన్నకీ కాబోయే మొగుడికీ ఒకేలా ఉండాలని. ఒకే సంచి, రెండు చొక్కాలు.

వెండెల్ లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. నీళ్ల చప్పుడు వినబడింది. ఓపల్ వెనకే వెళ్లింది. ఆయన కడిగేసిన పళ్లేలనే మళ్లీ కడుగుతున్నాడు.

"నీళ్లు కట్టెయ్యి" అంది.

కట్టేశాడు. తిరగలేదు.

"పరుపు వేస్తానన్నాడు క్రేన్" అన్నాడు సింకులోకి చూస్తూ. "రెయిలింగు ఊడుతుంది, పరుపు మీద పడుతుంది, దూది మీద పడ్డట్టే ఉంటుందన్నాడు. కింద చీకట్లో నిచ్చెనెక్కి నన్ను చీల లాగమన్నాడు. ముందే తెలిస్తే అది దొంగ అరుపవుతుంది, ఆ పిల్లకి మాత్రం చెప్పకు అన్నాడు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన మనిషి... నన్నే పక్కకి పిలిచాడే. పందులు మేపుకునేవాణ్ని, నన్ను పిలిచి భుజమ్మీద చెయ్యేశాడు. నాకు గొప్పగా అనిపించింది."

"పరుపేమైంది?"

"వేశారు. ఆమె పక్కకి తిరిగి దూకబోయినట్టు పడింది. పరుపు దాటిపోయింది."

"తర్వాత?"

"చీల నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు. అందరి ముందూ, చీల దిగలేదు పాపం అన్నాడు. నేను నోరు తెరవబోయాను, ఓపల్. ఒట్టు. నువ్వెదురుగా నిలబడ్డావు. మొహం నిండా పిండి, దాని మీద కన్నీటి చారలు. ‘మా అన్నయ్య ఏం చేశాడు, ఏం చేశాడు’ అని నన్నే పట్టుకుని ఏడ్చావు. చెబితే నువ్వు దక్కవనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను."

"రేపు!" అంది ఓపల్. అంత పెద్ద కేక తన గొంతులోంచి వచ్చిందని ఆవిడకే తెలియలేదు. "మన పెళ్లిలో నీ పక్కన తోడు నిలబడింది ఎవరు? ఉంగరం జేబులోంచి తీసి నీ చేతికిచ్చింది ఎవరు? మా అన్నయ్య కాదూ? ప్రతి థ్యాంక్స్ గివింగ్‌కీ ఈ బల్ల దగ్గర నీ ఎదురుగా కూర్చుంటాడు. టర్కీ కోసి ఆయన పళ్లెంలో ముందు పెద్ద ముక్క వేస్తావు. నేనేమో, మా ఆయనకి బావమరిదంటే ఎంత ప్రేమో అని మురిసిపోయాను! పెద్ద ముక్కలు వేసి తీర్చుకుంటున్నావా?"

వెండెల్ బల్ల పట్టుకుని కూర్చున్నాడు. "ఎలాగూ రేపు ఆ క్యాసెట్టు వెనక్కి పోతుంది కదే. కొత్తదాంట్లో పలక పెడతారు. ఎవరికీ..."

ఆ మాట పూర్తిచేయలేదు. చేయకపోయినా సరిపోయింది. చెయ్యి చూసినప్పటి కంటే ఆ మాట విన్నప్పుడే ఓపల్‌కి ఎక్కువ కోత పెట్టింది. చీల లాగింది కుర్రతనం. ఈ మాట అన్నది మాత్రం తనతో పాతికేళ్లు కాపురం చేసిన మనిషి.

"నేను బయటికెళ్తున్నాను" అంది ఆప్రాన్ విప్పేస్తూ. "నేను వెళ్లేలోగా మా అన్నయ్య దగ్గరికి నువ్వే వెళ్లి నీ నోటితో చెప్పు. నా నోటితో విన్నాడంటే ఇక ఈ ఇంట్లో నీకు నేను కాఫీ పెట్టేది లేదు."

హాల్లో నదీన్ క్యాసెట్టు బయటికి తీసి రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"దుకాణంలో అడిగితే ఏం చెబుతావు?" అంది ఓపల్.

"కుక్క తినేసిందని చెబుతాను."

"మనకి కుక్క లేదే."

"వాళ్లకేం తెలుసు" అంది నదీన్, ఏడుస్తూనే.

నేరుగా అన్న దగ్గరికే పోదామని క్యాసెట్టు తీసుకుని కారెక్కింది ఓపల్. కానీ చేతులు ఊరికి ఇటు చివరకి తిప్పాయి. ముందు మేవిస్‌కి చెప్పాలనిపించింది. అన్న కట్టిన చెక్క వల్లే కుంటిదాన్నయ్యానని కదా ఆమె పాతికేళ్లుగా అనుకుంటున్నది. పడినది ఆమె.

మేవిస్ వాకిట్లో బీన్స్ తుంచుకుంటోంది. ఓపల్ మొహం చూసి "ఎవరు పోయారే?" అంది.

"ఎవరూ పోలేదు. నీ మెషీను పనిచేస్తుందా?"

క్యాసెట్టు అట్ట మీద తన పాత మొహం చూసుకుని మేవిస్ ముక్కు విరిచింది. "ఇందులో నా ముక్కు నిజంగా ఇంత పెద్దదా, లేక వీళ్లే సాగదీశారా?" ఓపల్ నవ్వలేదు. మేవిస్ కుర్చీలో కూర్చుని కర్ర ఒళ్లో పెట్టుకుంది. చివరి ఘట్టం ముందు నుంచి పెట్టింది ఓపల్. ఏం చెప్పాలో తెలియక పలక సంగతి చెప్పింది, క్యాసెట్టు వాళ్ల తప్పు చెప్పింది. చీకట్లోంచి చెయ్యి రాబోతుంటే మీట మీద వేలు పెట్టింది.

"ఆపకు" అంది మేవిస్ నెమ్మదిగా. "ఆ చెయ్యి నాకు తెలుసు." ఓపల్ వేలు అప్పటికే మీట నొక్కేసింది, బొమ్మ ఆగింది.

"ఏంటీ?"

"నేను చూశానే, ఓపల్. అప్పుడే చూశాను. నేను కిందికి చూసింది దేన్ననుకున్నావు? విశ్వవిద్యాలయం పిల్లలంతా కొట్టుకు చచ్చేది దేని గురించనుకున్నావు? దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. కింద నుంచి ఒక చెయ్యి వచ్చి చీల లాగడం చూశాను. చీకట్లో వేళ్లు కనబడలేదు, చొక్కా కనబడింది. గోధుమ వెన్నుల చొక్కా. నువ్వు కుట్టిందే."

ఓపల్ మేవిస్ వైపు తిరిగింది. "మరి... ఎవరితోనూ చెప్పలేదేం?"

"చెబితే మీ అన్నయ్యని జైల్లో పెట్టరూ? ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి మంచం పక్కన టోపీ నలుపుతూ నిలబడి ఉన్నాడు. ‘తప్పు నాదే మేవిస్, క్షమించు’ అన్నాడు. ఎందుకు చేశావని అడగలేదు. సినిమావాడు చెప్పగానే నన్ను పడేసినవాడితో ఏం మాట్లాడను? ఉంగరం ఇచ్చేశాను, నోరు మూసుకున్నాను. నేను ఆయనకి చేయగలిగిన మేలు అదొక్కటే అనుకున్నాను."

ఓపల్‌కి అప్పుడు అర్థమైంది. అన్న చీల సరిగ్గా కొట్టలేదేమోనని క్షమించమన్నాడు. ఆమె చీల లాగినందుకు క్షమించమంటున్నాడనుకుంది. ఇద్దరూ ఆ తర్వాత ఒక్క మాట అనుకోలేదు.

"మేవిస్," అంది, "ఆ సంచి గుడ్డతో నేను కుట్టినవి రెండు చొక్కాలు."

ఓపల్ మళ్లీ మీట నొక్కి, తెర మీద వేళ్లు చీల చుట్టూ మూసుకోగానే ఆపేసింది. మేవిస్ ముందుకి వంగింది. పడిన రోజు వేసిన కేక కాదు కానీ, అలాంటిదే ఒకటి, గాలి లేని కేక ఆమె గొంతులోంచి వచ్చింది. చేతికర్ర ఒళ్లోంచి జారి నేల మీద పడింది. ఇద్దరూ దాన్ని తీయలేదు. ఆమె తెర దగ్గరకి చెయ్యి చాచి ఆ సగం వేలు మీద తన వేలు పెట్టింది.

"డెల్మర్‌కి వేళ్లన్నీ ఉన్నాయి" అంది.

"ఉన్నాయి."

"పాతికేళ్లు" అంది. మళ్లీ అంది. తర్వాత గోడ పట్టుకుని లేచింది. "కారు తియ్యి."

"కాసేపు కూర్చో, నీళ్లు..."

"కారు తియ్యవే ఓపల్! కూర్చున్నది చాలు."

డెల్మర్ ఇంటి ముందు వెండెల్ ట్రక్కు లేదు. ఓపల్ అది ముందే చూసింది. చూసి పళ్లు బిగించింది. డెల్మర్ వరండాలో రేడియోలో బేస్‌బాల్ వింటున్నాడు. కారు లోంచి ఎవరు దిగుతున్నారో చూసి నిలబడిపోయాడు. రేడియో కట్టెయ్యాలని కూడా తోచలేదు. ఎవరో హోమ్ రన్ కొట్టినట్టున్నారు, అందులో జనం ఒకటే అరుపు. టోపీ కోసం తల తడుముకున్నాడు. తల మీద టోపీ లేదు.

మేవిస్ మెట్ల దాకా వచ్చి ఆగింది. ఎక్కుదామంటే పట్టుకోవడానికి ఏమీ లేదు.

"మేవిస్..." అన్నాడు డెల్మర్. "జాగ్రత్త. ఆ మెట్లు..."

"నీ చేతులు చూపించు."

"ఏంటీ?"

"చేతులు చూపించమన్నానా!"

ఆయన చెల్లెలి వైపు చూశాడు. ఓపల్ చూపు తిప్పుకుంది. డెల్మర్ రెండు మెట్లు దిగి, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా రెండు చేతులూ ముందుకి చాచాడు. మేవిస్ వాటిని తిప్పి తిప్పి చూసింది. వేలు వేలూ పట్టుకుని చూసింది, ఎక్కడైనా తక్కువవుతుందేమోనన్నట్టు. తర్వాత ఆ చేతులనే పట్టుకుని, వాటి మీదే బరువంతా వేసి, మొదటి మెట్టెక్కింది.

"నీ రెయిలింగు గట్టిదే డెల్మర్" అంది. "అది ఊడలేదు. ఊడదీశారు."

"ఎవరు?" అన్నాడాయన.

ఆ పేరు చెప్పాల్సింది ఆ ఆడవాళ్లిద్దరూ కాదు. డెల్మర్ చెల్లెలి మొహం చూస్తూ ఉండిపోయాడు. ఆయనకి చిన్నప్పటి నుంచీ చదవడం వచ్చిన మొహం అది. చదువుతున్నకొద్దీ ఆయన నోరు తెరుచుకుంది.

అప్పుడే దూరాన మట్టి రోడ్డు మీద దుమ్ము లేచింది. ట్రక్కు. పందులు తోలుకెళ్లేప్పటి కంటే నెమ్మదిగా వచ్చి, పోస్టు డబ్బా దగ్గర ఆగింది. అద్దం వెనక వెండెల్ రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. ఇంజిన్ కొట్టుకుంటూనే ఉంది. వెనక్కి తిప్పుకుని పోవడానికి అక్కడ కావలసినంత చోటుంది.

ఓపల్ వెళ్లి పిలవలేదు. చెయ్యి ఊపలేదు. కారుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. తనకి దక్కిన మనిషి ఎవరో ఇన్నేళ్లకి ఇప్పుడే తెలియబోతోందన్నట్టు చూసింది.

ఇంజిన్ ఆగింది.